వణికే చేతుల్ని చూసి నవ్విన వాళ్ళలో మేమూ ఉన్నాం



పోయిన నెల గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. "డీ అడిక్షన్ కౌన్సెలర్ అవ్వాలంటే ఏం చదవాలి? మనోళ్ళలో ఎవరైనా ఆ పనిలో ఉన్నారా?" అని. లైకులు చాలానే పడ్డాయి, జవాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆ పనిలో మేము ఇద్దరం ఉన్నాం. కోర్సుల పేర్లు నాలుగు రాసి పంపేద్దాం అనుకున్నాం ముందు. తర్వాత ఆలోచిస్తే, అసలు మేము ఇందులోకి ఎందుకు వచ్చామో చెప్పకుండా కోర్సుల పేర్లు చెప్పడం బాగోదు అనిపించింది. కొంచెం పొడుగు ఉంటాది, ఓపిక చేసుకుని చదవండి.

చోడవరం నుంచి మాడుగుల రోడ్డులో పోతే ఎదురుగా కొండలు కనబడతాయి కదా, ఆ కొండల మీద ఊరు మాది. కొండదొరలం. ఊరి పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ కథలో ఉన్న మనిషి ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నాడు. మాలో ఒకరికి ఆయన సొంత మేనమామ, ఇంకొకరికి వరసకి మావయ్య. ఇద్దరం చోడవరంలో హాస్టల్లో ఉండి చదువుకున్నాం. చోడవరం 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గానీ మా నోటికి ఇప్పటికీ విశాఖ జిల్లా అనే వస్తాది.

డిగ్రీ రెండో ఏడు వేసవి సెలవులకి ఇంటికి వెళ్ళాం. అప్పుడు మాకు రక్తం ఉడుకు. ఊళ్ళో సారా బంద్ చెయ్యాలని కుర్రాళ్ళం అందరం కలిసి సంఘం పెట్టాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళు సారా పాటలు ఆపించిన కథ, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చిన కథ మాకు హాస్టల్లో ఒక మాస్టారు చెప్పేవారు. అలాగే మేమూ చేస్తాం అనుకున్నాం. ఊరి పెద్దల్ని ఒప్పించి, తాగితే వెయ్యి రూపాయల తప్పు అని తీర్మానం చేయించాం. బెల్లం ఊట కుండలు పగలగొట్టాం. ఆడోళ్ళు హారతి ఇచ్చారు మాకు. ఫొటోలు కూడా దిగాం.

మావయ్య అప్పటికి పదిహేనేళ్ళ నుంచి తాగుతున్నాడు. ప్రతి ఏడూ చెరుకు నరికే కాలంలో కొండ దిగి గోవాడ ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్ళకి కూలికి వెళ్ళేవాడు. పొద్దున్నుంచి చెరుకు నరికితే సాయంత్రానికి వీపు, చేతులు పట్టేస్తాయి, దానికి మందు సారాయే. మేస్త్రీ కూలిలో పట్టుకుని మరీ సారా పోయించేవాడు. మొదట్లో సాయంత్రం మాత్రమే. తర్వాత పొద్దున్నే గ్లాసు పడకపోతే కత్తి పట్టుకోలేని పరిస్థితి. కొండ ఎక్కి వచ్చినా అదే.

తీర్మానం జరిగిన మర్నాడు ఆయన్ని ఇంట్లో పెట్టి బయట గడియ వేసేశాం. అత్త కూడా ఒప్పుకుంది, ఏడుస్తూనే. మధ్యాహ్నానికి చేతులు వణకడం మొదలెట్టాయి. నీళ్ళ గ్లాసు ఇస్తే సగం ఒంటి మీదే పోసుకున్నాడు. "నాటకాలు ఆడకు మావా, రెండు రోజులు ఓర్చుకో" అని నవ్వాం. ఆ నవ్వు మా ఇద్దరికీ ఇప్పటికీ వినబడతాది.

రెండో రోజు రాత్రి ఫిట్స్ వచ్చాయి. నోట్లో నురగ. ముసలమ్మలు గాలి సోకింది అన్నారు. డోలీ కట్టి చీకట్లో కొండ దించాం, రోడ్డు మీద ఆటో దొరికేసరికి తెల్లారింది. కింద ఆసుపత్రిలో సెలైన్ పెట్టి విశాఖ పెద్దాసుపత్రికి పంపేశారు. మూడో రోజు ఆయన మమ్మల్ని గుర్తుపట్టలేదు. గోడ మీద చీమలు పాకుతున్నాయని చేత్తో దులుపుతున్నాడు. లేని మేస్త్రీతో మాట్లాడుతున్నాడు, "ఇంకో రెండు కట్టలే బాబూ, అయిపోద్ది" అని. మంచానికి కట్టేశారు.

డ్యూటీ డాక్టరు అడిగారు: "ఇతన్ని ఒక్కసారిగా ఎవరు మాన్పించారు?" మేము కొంచెం గర్వంగానే చెప్పాం, "మేమే సార్, ఊళ్ళో సారా బంద్ చేశాం" అని. ఆయన మా మొహాల వైపు చూసి, "చంపేసేవారు" అన్నారు. అంతే. తర్వాత నర్సమ్మ పక్కకి తీసుకెళ్ళి చెప్పింది.

ఆవిడ చెప్పింది, తర్వాత మేము చదువుకున్నది కలిపి రాస్తున్నాం. ఊళ్ళలో సారా బంద్ చేసే సంఘాల్లో ఉన్నవాళ్ళు ఈ ముక్క తప్పకుండా చదవండి. మందు మెదడుని నెమ్మది చేస్తాది. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాడి మెదడు ఆ బరువుని తట్టుకోవడానికి ఎదురు తోస్తూ ఉంటాది. ఒక్కసారిగా బరువు తీసేస్తే ఆ తోపుకి అడ్డం ఉండదు, పట్టు తప్పిపోద్ది. చివరి గ్లాసు తర్వాత ఆరేడు గంటలకే వణుకు, చెమటలు మొదలవ్వొచ్చు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు. రెండు మూడు రోజులకి మతి తప్పి, లేనివి కనబడడం రావొచ్చు. అందరికీ ఇలా అవ్వదు. కానీ అయినవాళ్ళకి వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆసుపత్రిలో అయితే వణుకు తగ్గించే మాత్రలు ఇచ్చి రోజుకి కొంచెం చొప్పున తగ్గిస్తారు, బి1 విటమిన్ ఇస్తారు, వారం పది రోజుల్లో ఒళ్ళు కుదుటపడతాది. పొద్దున్నే గ్లాసు పడకపోతే చేతులు వణికే మనిషి ఇంట్లో ఉంటే, డాక్టరు లేకుండా మాన్పించకండి. గడియ పెట్టకండి.

ఇంకొకటి. "అన్నంలో కలిపి పెట్టండి, తెలీకుండానే మానేస్తాడు" అని పొడులు, పసర్లు అమ్మేవాళ్ళు ఉన్నారు. మందు తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ అనే మాత్ర నిజంగా ఉంది. దాన్ని డాక్టరు చూసి, ఆ మనిషికి చెప్పి, ఒప్పించి ఇవ్వాలి. చెప్పకుండా కలిపితే, అతను పైన తాగితే, గుండె మీదకి వస్తాది.

మావయ్య బతికాడు. ఇంటికొచ్చాక ఏడు నెలలు ముట్టలేదు. తర్వాత పండగ వచ్చింది. మన పండగ మీకు తెలుసు, వేట, పాట, థింసా, ఇంటింటికీ కల్లు. మూడో రోజు రాత్రి ఆయన పూర్తిగా తాగి పడిపోయాడు. మేము సెలవులకి వెళ్ళి అందరి ముందూ తిట్టాం. "నీ కోసం డోలీ మోశాం, మా పరువు తీశావు" అన్నాం. ఆయన ఏమీ అనలేదు. ఆ తర్వాత రెండేళ్ళు మాతో మాట్లాడలేదు. తాగుడు ముందుకంటే ఎక్కువైంది.

ఇదీ మేము ఈ పనిలోకి వచ్చిన దారి. సేవ చెయ్యాలన్న గొప్ప మనసు ఏం కాదు. మేము ఏం తప్పు చేశామో తెలుసుకోవాలన్న పట్టుదల.

మాలో ఒకరు ఆంధ్రా యూనివర్సిటీలో సోషల్ వర్క్ పీజీ, ఇంకొకరు సైకాలజీ పీజీ చేశాం. ఇద్దరం ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే పదిహేను పడకల సెంటర్లో చేరాం. ఇలాంటి సెంటర్లకి కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటు ఇస్తాది, కాగితాల్లో వీటి పేరు ఐ.ఆర్.సి.ఏ. మొదటి వారం మా కౌన్సెలింగ్ అంటే ఉపన్యాసమే. లివరు బొమ్మ చూపించి, పిల్లల చదువు గుర్తుచేసి, "మానెయ్యండి" అనేవాళ్ళం. వాళ్ళు బుద్ధిగా తలూపేవారు. బయటికి వెళ్ళి తాగేవారు.

ఆ సెంటర్లో ఒక పెద్దాయన ఉండేవారు. చదువు పదో తరగతి. ఒకప్పుడు తాగి రోడ్డు మీద పడుకున్న మనిషే, మానేసి అప్పటికి పన్నెండేళ్ళు. ఆయన దగ్గర కూర్చున్నవాళ్ళు గంటల తరబడి మాట్లాడేవారు, ఆయన మాత్రం నాలుగు మాటలే మాట్లాడేవారు. "నువ్వు మాను అంటే ఆడు మానను అనడానికి కారణాలు ఎతుకుతాడు. నువ్వు ఊరుకుంటే ఆడే మానడానికి కారణాలు ఎతుక్కుంటాడు. ఎవరి కారణాలు ఆళ్ళ నోటితోనే రావాలి" అనేవారు. తర్వాత పుస్తకాల్లో చూస్తే, విలియం మిల్లర్ అనే అమెరికా సైకాలజిస్టు 1983లో సరిగ్గా ఇదే రాశాడు, దాన్నే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు. మేము పీజీలో మార్కుల కోసం చదివి వదిలేసిన పాఠం అది. ఆ పెద్దాయన ఆ పేరు ఎప్పుడూ విని ఉండరు.

ఇప్పుడు మనోళ్ళు ఈ పనిలోకి ఎందుకు రావాలో చెప్తాం. ఒకసారి పైనుంచి ఒక కొందు పెద్దాయన్ని కొడుకు తీసుకొచ్చి చేర్పించి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. కేసు షీట్లో "సహకరించడం లేదు, తాగుడు సమస్య ఉందని ఒప్పుకోవడం లేదు" అని రాసేశారు. హాస్టల్లో మా రూములో ఒక కొందు కుర్రాడు ఉండేవాడు, వాడి దగ్గర నేర్చుకున్న కువి ముక్కలు మాకు పది పన్నెండు వచ్చు. అన్నం తిన్నావా, నిద్ర పట్టిందా అని ఆ వచ్చీరాని భాషలోనే అడిగాం. ఆయన మా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆయనకి తెలుగు సరిగ్గా రాదు, అంతే. నాలుగు రోజుల నుంచి ఎవరు ఏం అడుగుతున్నారో తెలీక, జైల్లో వేశారేమో అనుకుంటున్నాడట. పాత రూమ్మేట్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాం, అప్పుడు అసలు మాట బయటికొచ్చింది. భార్య చనిపోయిన దగ్గర్నుంచి రాత్రుళ్ళు నిద్ర లేదు, తాగితేనే కన్ను మూతపడతాది. మనలో కువి వచ్చినవాళ్ళు, ఆదివాసీ ఒడియా వచ్చినవాళ్ళు ఎంతమంది సైకాలజీ చదువుతున్నారు?

సెంటర్లలో మన గురించి ఒక మాట అంటారు, "మీ వాళ్ళ కల్చరే తాగుడు కదా" అని. వినీ వినీ విసుగొచ్చింది. మన తాతలు జీలుగు కల్లు తాగారు, ఇప్ప సారా తాగారు, అబద్ధం ఎందుకు. కానీ ముందు నేలకి, పెద్దలకి పోసి, అందరూ ఒకచోట కూర్చుని ఆకు డొప్పలో తాగేవారు. కుండ అయిపోతే అయిపోయినట్టే. బెల్లం సారాకి కాలం లేదు, పండగ లేదు, షాపులో క్వార్టరుకి అసలే లేదు. ఒంటరిగా గోడ వైపు తిరిగి తాగే మనిషిని చూపించి కల్చర్ అంటే మేము ఒప్పుకోం. అలాగని ఇంకో సంగతి కూడా చెప్పాలి. మనలో కొందరు అన్నలు కూడా తాగడానికి సంస్కృతిని అడ్డం పెట్టుకుంటున్నారు. మీటింగుల్లో అస్తిత్వం గురించి మాట్లాడి రాత్రికి బ్రాందీ బాటిల్ తీస్తే అది ఏ పండగ అన్నా? కోపం వస్తే రానివ్వండి.

మా సంగతి కూడా అడుగుతారు. పండగలో పెద్దలు డొప్ప ఇస్తే మేము తీసుకుంటాం, నేలకి పోసి, పెదాలకి తాకించి పక్కవాళ్ళకి ఇచ్చేస్తాం. మొదటి ఏడు వెక్కిరించారు. ఇప్పుడు అలవాటైపోయింది.

చట్టం ఒకటి తెలుసుకోండి. 1996 పీసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో మత్తు పదార్థాల అమ్మకం, వాడకం మీద నిషేధం పెట్టే, అదుపు చేసే అధికారం గ్రామసభకి ఉంది. మన రాష్ట్రం 2011లో నియమాలు కూడా చేసింది. పాడేరు, చింతపల్లి వైపు ఉన్నవాళ్ళు దీన్ని వాడుకోవచ్చు. మా ఊరు, రావికమతం, రోలుగుంట, చీడికాడ, దేవరాపల్లి కొండల్లో ఉన్న ఊళ్ళు ఐదో షెడ్యూల్లో లేవు కాబట్టి మాకు ఆ హక్కు కూడా లేదు. అప్పుడు మేము చేసిన తీర్మానానికి చట్టంలో ఏ బలమూ లేదని చాలా ఆలస్యంగా తెలిసింది.

గంజాయి గురించి రాయకపోతే ఈ పోస్టు సగమే. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు మన ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. తోటలు తగ్గాయి, కుర్రాళ్ళ జేబుల్లోకి మాత్రం వస్తూనే ఉంది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో పద్దెనిమిదేళ్ళ పిల్లలు ఉంటున్నారు. కొందరు మొదట మోత కూలికి వెళ్ళినవాళ్ళే. ఇరవై కిలోలు దాటితే చట్టం దృష్టిలో అది వ్యాపారం, పదేళ్ళకి తక్కువ శిక్ష ఉండదు. మోసినవాడికి దక్కేది కూలే. అలవాటు పడినవాళ్ళు భయంతో ఆసుపత్రికి రారు, పోలీసులకి పట్టిస్తారేమో అని. ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. వాడే అలవాటు ఉన్న మనిషి తనంతట తాను వైద్యానికి వచ్చి పూర్తి చేస్తే, వాడినందుకు, తక్కువ మోతాదు దగ్గర ఉన్నందుకు పెట్టే కేసు నుంచి రక్షణ ఉంటాది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. కౌన్సెలర్‌కి ఇవి తెలిసి ఉండాలి.

సరే, తమ్ముడు అడిగిన దానికి వస్తాం. డిగ్రీలో సైకాలజీ, సోషల్ వర్క్, సోషియాలజీ ఏది ఉన్నా మంచిదే. తర్వాత ఎం.ఎస్.డబ్ల్యూ. గానీ సైకాలజీ పీజీ గానీ. మన రాష్ట్ర యూనివర్సిటీలకి ఏపీ పీజీసెట్ రాయాలి. దూరవిద్యలో సైకాలజీ చేద్దాం అనుకునేవాళ్ళు జాగ్రత్త, 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో సైకాలజీ కొత్త అడ్మిషన్లు ఇవ్వొద్దని యూజీసీ చెప్పింది. డబ్బు కట్టే ముందు కనుక్కోండి. క్లినికల్ సైకాలజిస్ట్ అవ్వాలంటే దారి వేరు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న కోర్సు చెయ్యాలి. కౌన్సెలర్ మందులు రాయకూడదు, రాసే కౌన్సెలర్ని నమ్మకూడదు. చెన్నైలో టీటీకే ఆసుపత్రి ఉంది, తాగుడు వల్ల భర్తని పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ గారు 1980లో మొదలుపెట్టారు. పల్లెటూళ్ళలోనే క్యాంపు పెట్టి వైద్యం చేసే పద్ధతి వాళ్ళు చేసి చూపించారు. మన కొండ మీద అలాంటి క్యాంపు ఒకటి పెట్టాలని మాకు ఆశ.

జీతం గురించి దాచం. మేము చేరినప్పుడు పదిహేను వేల లోపు. గ్రాంటు ఆలస్యమైతే జీతం మూడు నాలుగు నెలలు ఆగిపోద్ది. చోడవరంలో రూము అద్దెకి హాస్టల్ స్నేహితుల దగ్గర అప్పు చేసిన నెలలు ఉన్నాయి. ఇంట్లో "డీఎస్సీ రాసుకోవచ్చు కదా" అంటారు. వాళ్ళది తప్పు అని అనలేం. బాగుపడి వెళ్ళినవాళ్ళు మళ్ళీ తాగి వస్తారు, ఒక్కోసారి మూడో సారి, నాలుగో సారి. ఇద్దరు మనుషులు చనిపోయారని ఫోన్లు వచ్చాయి మాకు. ఆ రాత్రి నిద్ర పట్టదు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఒంటరిగా రాకండి, మాట్లాడుకోవడానికి పక్కన ఒక మనిషి ఉండాలి. మేము ఇద్దరం కాబట్టి నిలబడ్డాం.

అవసరం ఎంతుందో ఒక లెక్క చెప్తాం. ఎయిమ్స్ వాళ్ళు దేశమంతా చేసిన సర్వే 2019లో వచ్చింది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందింది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందింది 180 మందిలో ఒక్కరు. అది దేశం మొత్తం లెక్క. డోలీ మోసే ఊళ్ళలో ఎంత ఉంటాదో మీరే ఊహించుకోండి.

ఇంట్లో ఎవరికైనా ఇబ్బంది ఉంటే 14446కి ఫోన్ చెయ్యండి, మత్తు అలవాట్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఉచిత లైను. మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416. గంజాయి అమ్మకాల సమాచారం చెప్పడానికి 1972.

మావయ్య సంగతి చెప్పి ఆపేస్తాం. సెంటర్లో చేరిన రెండో ఏడు, ఊరికి వెళ్ళినప్పుడు ఆయన అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాం. ఈసారి తిట్టలేదు. చాలాసేపు ఊరికే ఉండి, "మావా, అప్పుడు ఏడు నెలలు ఉండిపోయావు కదా. ఎలా ఉండగలిగావు?" అని అడిగాం. ఆయన మా వైపు వింతగా చూశాడు. "ఇన్నాళ్ళకి ఆ ఏడు నెలల గురించి అడిగినోళ్ళు మీరే. అందరూ ఆ పండగ రాత్రి గురించే అడుగుతారు" అన్నాడు. తర్వాత చెప్పుకొచ్చాడు. పొద్దున్నే లేచి పశువుల్ని తోలుకెళ్ళడం, అత్త పక్కన కూర్చుని చోడి అంబలి తాగడం, కూతురు స్కూలు నుంచి వచ్చి నోరు వాసన చూసి నవ్వడం. మేము ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. లేచేటప్పుడు ఆయనే అడిగాడు, "మీ ఆసుపత్రిలో గడియ పెడతారేటి?" అని. పెట్టం మావా అన్నాం. పదిహేను రోజుల తర్వాత అత్తతో కలిసి ఆయనే కొండ దిగి వచ్చాడు.

తర్వాత కూడా రెండుసార్లు జారాడు. రెండుసార్లూ ఆయనే ఫోన్ చేశాడు. ఇప్పుడు పదకొండు నెలలు.

మొన్న చోడవరం బస్టాండులో కలిశాడు. చెరుకు పనికి పాత మేస్త్రీ దగ్గరికి వెళ్ళడం మానేశాడు, కూలి చేతికి ఇచ్చే రైతు దగ్గర కుదిరాడట. టీ తాగుదాం అన్నాడు. నిండు గ్లాసు అందుకున్నాడు. మేము ఆయన చెయ్యి వైపే చూస్తున్నాం. ఆయనకి తెలిసిపోయింది.

"ఏట్రా అలా చూస్తన్నారు, కౌన్సెలింగా?" అన్నాడు. టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు.